గులాబీ రంగు రాని నీళ్ళు

ఈ ఇంగ్లీషు దేశంలో మేముండే మిల్టన్ కీన్స్ ఊరు మొత్తం గాలించినా నా ముక్కుకు సాటి ముక్కు దొరకదు. నీళ్ళలో మందు ఎక్కువైందో తక్కువైందో వాసన చూసి చెప్పేస్తాను. గొట్టాలూ బిళ్ళలూ లెక్కలూ నాకు అక్కర్లేదు. మొన్న మే నెలలో ఫెబా బాప్తిస్మం ఆగిపోకుండా కాపాడింది ఈ ముక్కే. మా ఊరి ఎలిమెంటరీ బడితో నా చదువు సరి. అయినా, ముప్పై ఏళ్ళు రసాయన శాస్త్రం పాఠం చెప్పిన లెక్చరరు తెల్లమొహం వేసినచోట నేను తల ఎగరేసి నిలబడ్డాను. ఎలాగో చెబుతాను, వినండి.

ఫెబా ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. మా తెలుగు సంఘంలో ఆ పిల్ల పాటంటే అందరికీ ఇష్టం. ఆదివారం ఆమె మొహం కనపడటం మాత్రం అరుదు, డ్యూటీల రోటా అలాంటిది. బాప్తిస్మానికి ఇదివరకు పెట్టుకున్న తేదీలన్నీ ఏదో ఒక షిఫ్టు కింద పడి నలిగిపోయాయి. ఈసారి వాళ్ళమ్మ ప్రేమలీల నరసాపురం నుంచి వచ్చి ఉంది. సోమవారం పొద్దున ఆవిడ తిరుగు విమానం. కూతురు నీళ్ళలో మునిగి లేవడం కళ్ళారా చూసి వెళ్ళాలని ఆవిడ కోరిక. అమ్మ చూడకుండా దిగనని కూతురి పంతం. ఆ ఆదివారం జరిగితే జరిగినట్టు, లేకపోతే మళ్ళీ ఆవిడకు వీసా, ఈమెకు సెలవు కలిసొచ్చేదెప్పుడో దేవుడికే తెలియాలి.

మా వైపు ఇదంత పెద్ద పని కాదు. కాలవ ఉంటుంది, అయ్యగారు ఉంటారు, నడుం లోతు నీళ్ళుంటాయి. కాలవలో మందెంత వేశారని అడిగినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇక్కడ మేం ఆరాధనకు అద్దెకు తీసుకునేది ఒక కమ్యూనిటీ హాలు. దాని వెనక పెరట్లో గాలి కొట్టి నిలబెట్టే రబ్బరు తొట్టి పెట్టి, పైపుతో నీళ్ళు నింపుతాం. తొట్టితోపాటు క్లోరిన్ పొడి డబ్బా ఒకటీ, అందులో చిన్న ప్లాస్టిక్ స్పూనూ వచ్చాయి. వెయ్యి లీటర్లకు ఒక స్పూను అని డబ్బా మీదే ఉంది. మా తొట్టి రెండు వేల లీటర్లు. పాస్టర్ గారు శనివారం సాయంత్రమే తొట్టి నింపించి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: "రేపు ముందుగా వచ్చినవారు నీళ్ళలో రెండు స్పూన్లు వేయగలరు. వందనాలు."

ఆరాధన ముగిసింది, బిర్యానీలు తిన్నాం. రెండు గంటలకు ఫెబా తెల్లచీర కట్టుకుని తొట్టి దగ్గరకు వచ్చింది. నాలుగింటికి హాలు ఖాళీ చేయాలి, ఆ తర్వాత కరాటే క్లాసువాళ్ళది. నీళ్ళు పరీక్ష చేసే బాధ్యత ప్రేమ్‌నాథ్ గారిది.

ప్రేమ్‌నాథ్ గారు తెనాలిలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేసి రిటైరై, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. ఏ ఉప్పు చేతిలో పెట్టినా రంగు చూసి, మంట మీద పెట్టి, వాసన పీల్చి పేరు చెప్పేవారట. రసాయన శాస్త్రమంటే కన్నూ ముక్కూ చేసే పనని, లెక్కలు గుమాస్తాల పనని ఆయన నమ్మకం. ప్రతి ఆదివారం మేమిద్దరం ఒకే వరసలో కూర్చుంటాం. ఆయన చెప్పేది నేను నమ్మను, నేను చెప్పేది ఆయన నమ్మరు. అందుకే స్నేహం నిలిచింది.

పరీక్ష తేలికే. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి ఒక బిళ్ళ వేస్తారు. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఎంత ఉంటే అంత ముదురు రంగు. పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక కార్డు ఉంటుంది, దాని మీద ఒకటి నుంచి ఐదు దాకా రంగు గళ్ళు. మూడో గడికి అటూ ఇటూ ఉంటే మనిషి దిగొచ్చు. రంగే రాకపోతే మందే లేదని.

ఆయన బిళ్ళ వేసి గొట్టాన్ని ఎండకు ఎత్తిపట్టారు.

"గులాబీ రంగేదండీ?" అన్నాను.

"వస్తుందయ్యా షాలేమూ. కెమిస్ట్రీ ఏమన్నా బస్సా, తొందరపడటానికి?"

"ఇక్కడ బస్సు కూడా ఈపాటికి వచ్చేదండి."

బిళ్ళ చుట్టూ ఒక్క క్షణం గులాబీ తళుక్కుమంది, అంతలోనే మాయమైంది. గొట్టంలో నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా నిలిచాయి.

"గాజుకి మురికి అంటినట్టుంది" అని ఆయన ఆ తళుకును కొట్టిపారేశారు. "రంగు లేదు. అంటే క్లోరిన్ లేదు. ఎవరూ వేసినట్టు లేరు. రెండు స్పూన్లు వెయ్యండి."

రెండు వేశారు. కలిపారు. మళ్ళీ పరీక్ష. తేట నీళ్ళే.

"పొడి పాతది, సత్తువ పోయింది. ఇంకో రెండు."

ఇంకో రెండు పడ్డాయి. గొట్టం మాత్రం తన మాట మీద తను ఉంది.

మా సంఘంలో సగంమంది నర్సులు, మిగతా సగం కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళు పాస్టర్ గారి మాటనైనా ప్రశ్నిస్తారేమోగాని శుభ్రతను ప్రశ్నించరు. వార్డు నర్సు క్రిస్టఫర్ చేతులు కట్టుకుని తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు.

"రంగు రాకుండా ఎవర్నీ దింపేది లేదండి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ అంటే ఇన్ఫెక్షన్ కంట్రోలే."

"మా కాలవలో దిగినవాళ్ళందరూ బతికే ఉన్నారు బాబూ" అంది ప్రేమలీల. "రేపీపాటికి నేను విమానంలో ఉంటాను. ఏ రంగు వస్తే ఏంటి, రాకపోతే ఏంటి? దిగమ్మా ఫెబా."

ఫెబా గడియారం వైపు చూసింది, తల్లి వైపు చూసింది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టింది. "పక్కకు జరుగు క్రిస్టఫర్. ఇన్ఫెక్షన్ వస్తే నాకే కదా, యాంటీబయోటిక్ వేసుకుంటా."

ఒక కాలు తొట్టి అంచు మీదికి వచ్చింది.

"ఆగు ఫెబా" అంది కావ్యశ్రీ.

కావ్యశ్రీది ప్రొద్దుటూరు. ఫెబాతో ఒకప్పుడు బేసింగ్‌స్టోక్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండేది. అక్కడే ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, ఎంత వాన పడితే ఎన్ని ఇళ్ళు మునుగుతాయో లెక్కగట్టే ఉద్యోగం. మా సంఘం మనిషి కాదు. స్నేహితురాలి వేడుకని పులిహోర డబ్బా పట్టుకుని పొద్దున్నే కారేసుకుని వచ్చింది. ఇంటర్మీడియట్ తర్వాత కెమిస్ట్రీ పుస్తకం మొహం చూడలేదని భోజనాల దగ్గర ప్రేమ్‌నాథ్ గారికి చెప్పి ఆయన మనసు అప్పటికే నొప్పించింది.

"సార్, ఇప్పటికి ఎంత పొడి పడింది ఇందులో?"

"నాలుగు స్పూన్లు. నా కళ్ళముందే."

"మీ కళ్ళ వెనక?"

ఆయన మొహం చిట్లించారు. కావ్యశ్రీ జనం వైపు తిరిగింది. "పొద్దున పొడి వేసినోళ్ళు ఎవరండీ?"

పాస్టరమ్మ గారు లేచారు. మా దగ్గర ఎవరు లేచి నిలబడినా సాక్ష్యం చెప్పే ధోరణే వస్తుంది.

"అందరికీ వందనాలు. పొద్దున ముందుగా వచ్చింది నేనే. పెరట్లో ఎవరూ లేరు. రెండు స్పూన్లు వేశాను."

క్రిస్టఫర్ కట్టుకున్న చేతులు విప్పాడు. "ముందొచ్చింది నేను కదా ఆంటీ? నేనూ రెండు వేశాను."

ఆ వెనక ఒకరు లేచారు, ఆమె పక్కన ఇంకొకరు. అందరూ వందనాలు చెప్పారు, అందరూ ముందొచ్చారు, అందరూ రెండేసి స్పూన్లు వేశారు. దీనికో కారణం ఉంది. మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ వేళకు రారు. అది అందరికీ తెలుసు. కాబట్టి ఖాళీ పెరడు కనపడగానే ప్రతివాళ్ళూ తామే మొదటివాళ్ళమనుకుని, పొడి వేసి, వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నారు.

"ఇంతమంది వేసినారు, వాసన రాలేదా?" అంది కావ్యశ్రీ.

"వచ్చింది" అన్నాడు క్రిస్టఫర్. "బాగుందనుకున్నాం. మా వార్డు అలాగే ఉంటుంది."

ఆరుగురు తేలారు. నేనూ లేచాను. "వందనాలు. నేను స్పూను వాడలేదు. మా ఊళ్ళో బావికి బ్లీచింగ్ పొడి చల్లేటప్పుడు గుప్పెడు అనేవాళ్ళం. గుప్పెడు వేశాను."

"గుప్పెడంటే ఎన్ని స్పూన్లు అంకుల్?"

"రెండే తల్లీ. నా గుప్పెడు సంగతి నాకు తెలియదూ?"

ఆ పిల్ల వంటింట్లోంచి ఉప్పు తెప్పించి, నాచేత గుప్పెడు పట్టించి, అదే స్పూనుతో కొలిపించింది. ఆరు స్పూన్లు వచ్చాయి. నా గుప్పెడు మీద నాకు గౌరవం పెరిగింది, ఇంకెవరికీ పెరిగినట్టు లేదు.

"ఆరుగురివి పన్నెండు, అంకుల్‌వి ఆరు, సార్ వేయించినవి నాలుగు. ఇరవై రెండు" అంది కావ్యశ్రీ. "రెండు స్పూన్లకు కార్డు మీద ఎంత రావాల సార్?"

"మూడు."

"అయితే ఇరవై రెండుకు ముప్పై మూడు రావాల. మీ గొట్టంలో సున్నా. ముప్పై మూడు యాడికి పోయింది సార్?"

"నేను చూసింది చెప్పానమ్మా. రంగు లేదు. కెమిస్ట్రీలో కంటికి మించిన సాక్షి లేదు."

"మా ఆఫీసులో అట్ల చెప్తే ఒప్పుకోరు సార్. అంత వాన పడింది, ఒక్క ఇల్లూ తడవలేదు అంటే, నీళ్ళు యాడికి పోయినాయో చూపించమంటారు. వేసింది ఉండాల, లేదంటే పోయిన దారి ఉండాల."

"తొట్టికి చిల్లేమన్నా ఉందేమో" అన్నాను సాయంగా. ఇద్దరూ నావైపు చూడలేదు.

ప్రేమ్‌నాథ్ గారు గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపం కాదు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

"తళుక్కుమని పోయింది" అన్నారు మెల్లగా. "అంటే రంగు వచ్చింది. వచ్చి, పోయింది." తలెత్తారు. "చాకలి బాన గుర్తుందా షాలేమూ? క్లోరిన్ పొడి గుడ్డకేం చేస్తుంది?"

"తెల్లబరుస్తుంది."

"రంగును తినేస్తుంది. కాస్త క్లోరిన్ ఉంటే ఈ బిళ్ళకు రంగు తెస్తుంది. మితిమీరి ఉంటే, తను తెచ్చిన రంగును తనే తినేస్తుంది. అసలు లేకపోయినా తేటే, విపరీతంగా ఉన్నా తేటే. చెత్త! మొదటి సంవత్సరం పిల్లాడు కూడా పట్టుకుంటాడు." ఆ తిట్టు ఆయన్ని ఆయన తిట్టుకున్నది.

ఫెబా తొట్టి అంచు మీది కాలు మెల్లగా కిందికి దించింది. క్రిస్టఫర్ ఆమెను పక్కకు లాగి, "కళ్ళు మండిపోయేవి" అన్నాడు. ప్రేమలీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రుజువు చెయ్యాలి" అన్నారు ప్రేమ్‌నాథ్ గారు. భోజనాల బల్ల మీది మంచినీళ్ళ సీసాలు తెప్పించారు. ఒక కప్పు తొట్టి నీళ్ళు జగ్గులో పోసి, అదే కప్పుతో తొమ్మిది కప్పులు మంచినీళ్ళు కలిపారు. అందులోంచి గొట్టం నింపి బిళ్ళ వేశారు.

ఇన్నిసార్లు మందు వేసినా రాని రంగు, ఉత్త నీళ్ళు కలిపితే వచ్చింది. ముచ్చటైన గులాబీ రంగు. వెనకనుంచి ఎవరో "స్తోత్రం!" అన్నారు గట్టిగా.

"ఆగండమ్మా" అన్నారు పాస్టర్ గారు. "అద్భుతం కాదు, పదో వంతు."

కార్డు పక్కన పెట్టి చూస్తే రంగు మూడో గడి. పదింతలు చేస్తే ముప్పై. ఎండకు కొంత పోయి ఉంటుందని, లెక్కకు మూడు తగ్గినా ఫరవాలేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంతసేపటిలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు.

ఇక్కడ మీరు నన్ను నిలదీయొచ్చు. నీ ముక్కు ఏమైందయ్యా అని. మే నెలలో ఈ దేశంలో గడ్డి పూస్తుంది. నాకు హే ఫీవర్, ఆ పుప్పొడి పడదు. వారాల తరబడి నా ముక్కు ఉత్త గోడ. ఆ రోజు బిర్యానీలో మసాలా వేశారో లేదో కూడా పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాను. తల ఎగరేసి నిలబడ్డ మాట నిజమే, తుమ్ము ఆపుకోవడానికి.

మూడు కావొస్తోంది. ఎంత ఉందో తెలిసింది, దాన్ని వదిలించుకునే దారి తెలియాలి.

"సగం తోడేసి కొత్త నీళ్ళు పోద్దాం" అన్నాడు క్రిస్టఫర్.

"సగం తీస్తే పదహైదు" అంది కావ్యశ్రీ. "మళ్ళీ సగం తీస్తే ఏడున్నర. ఇంకోసారి తీస్తే గానీ నాలుగు కిందికి రాదు. పైపు చూస్తే సన్న ధార. కరాటేవాళ్ళు వచ్చి కూర్చుంటారు."

ఫెబా తల్లి పక్కన మెట్టు మీద కూర్చుండిపోయింది. ప్రేమలీల కూతురి చీర చెంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"క్లోరిన్‌ని చంపే మందు ల్యాబులో అయితే చేతికందేది" అన్నారు ప్రేమ్‌నాథ్ గారు. "ఆదివారం ఇక్కడ ఎవరిస్తారు?" అని గిర్రున తిరిగారు. "విటమిన్ సి! మీలో ఎవరి దగ్గరన్నా విటమిన్ సి ఉందా?"

నర్సుల్ని అడగాల్సిన ప్రశ్నే అది. హ్యాండ్‌బ్యాగులు తెరుచుకున్నాయి, కార్ల డిక్కీలు తెరుచుకున్నాయి. నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే నారింజ వాసన బిళ్ళలు, గొట్టాలకు గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఇరవై బిళ్ళలు, ఒక్కో బిళ్ళ గ్రాము.

"అన్నీ వేసేద్దామా?" అన్నాను.

"గుప్పెళ్ళతో కాదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"సార్, ఎంత క్లోరిన్‌కు ఎంత విటమిన్ కావాల?"

ప్రేమ్‌నాథ్ గారు కళ్ళు మూసుకున్నారు. "ఒక అణువుకు ఒక అణువు. దీని బరువు నూట డెబ్బై ఆరు, క్లోరిన్ జంటది డెబ్బై ఒకటి."

"రెండున్నర పాళ్ళు" అని ఆమె నోటితోనే భాగించేసింది. "కార్డు మీద ఒక గడి అంటే లీటరుకు ఎంత?"

"మిల్లీగ్రాము."

"ముప్పైలో రెండు ఉంచి ఇరవై ఎనిమిది తీసేయాల. రెండు వేల లీటర్లకు యాభై ఆరు గ్రాముల క్లోరిన్. దానికి రెండున్నర రెట్లు, నూట నలభై. ఏడు గొట్టాలు." ఆమె నవ్వింది. "లెక్కలు గుమాస్తాల పని అన్నారు కదా సార్. మీరిప్పుడు చెప్పినవన్నీ ఏంది మరి?"

"అవి లెక్కలు కాదమ్మా, అణుభారాలు. కెమిస్ట్రీ."

"సరే సార్. భాగించింది మాత్రం నేను."

ఆరు గొట్టాలు వేసి ఆగమన్నారాయన. తొట్టి పాయసం గిన్నెలా నురగలు కక్కింది. పరీక్ష చేస్తే ఈసారి ఏమీ కలపకుండానే రంగు వచ్చింది, కార్డులో ఐదో గడికంటే ముదురుగా. ఏడో గొట్టంలోంచి కొద్దికొద్దిగా వేయించారు. వేసిన ప్రతిసారీ పరీక్ష చేసి గాజు గొట్టం ఎండకు ఎత్తి చూశారు. నాలుగు బిళ్ళలు మిగిలి ఉండగానే చేయి అడ్డం పెట్టారు.

"చాలు."

"లెక్క ప్రకారం ఇంకో నాలుగు పడాల సార్."

"నీ లెక్క ముప్పై మీద నిలబడిందమ్మా. ఆ ముప్పై చెప్పింది నా కన్ను. నా కన్నుకు డెబ్బై దాటాయి. నాలుగు బిళ్ళల తేడా దానిది."

కావ్యశ్రీ మిగిలిన నాలుగు బిళ్ళలకు మూత పెట్టి, "అది కూడా లెక్కే సార్" అని ఊరుకుంది.

గొట్టంలో రంగు మూడో గడికి కాస్త లేతగా నిలిచింది. క్రిస్టఫర్ వంగి చూసి పక్కకు తప్పుకున్నాడు.

అప్పటికే పెరటి గేటు దగ్గర కరాటే బట్టల్లో ఇద్దరు నిలబడి ఉన్నారు, తెల్లటి చొక్కాలు, తెల్లటి ప్యాంట్లు. పాస్టర్ గారు తొట్టిలోంచి వాళ్ళను చూసి, వీళ్ళు కూడా బాప్తిస్మానికే వచ్చారా అని క్షణం ఆశపడ్డారు. ఫెబా దిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ప్రేమలీల చెప్పులు విప్పి అంచు పట్టుకుని నిలబడింది. పాస్టర్ గారు మాటలు పలికి, ఫెబాను వెనక్కి వాల్చి ముంచి లేపారు. అందరం పాటెత్తుకున్నాం. కరాటేవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫెబా నీళ్ళలోంచి లేచేసరికి ఆమె తెల్లచీర అంచు చుట్టూ నారింజ రంగు పట్టి ఉంది, నేతలోనే వచ్చినట్టు. ప్రేమలీల ఆ అంచును కళ్ళకద్దుకుంది. మర్నాడు పొద్దున నవ్వుతూ విమానం ఎక్కింది.

ఇంతవరకూ రాసి కావ్యశ్రీకి పంపాను. సాయంత్రానికల్లా ఫోను వచ్చింది.

"అంకుల్, రెండు వేల లీటర్లకు ఆ బిళ్ళలు పంచితే బకెట్‌కు ఒకటి కూడా రాదు. బకెట్ నీళ్ళలో ఒక బిళ్ళ వేసి, తెల్లగుడ్డ ముంచి చూడండి. ఏ రంగొస్తుందో చెప్పండి."

ప్రేమ్‌నాథ్ గారిని సాయం అడిగాను. ఆయనా నా పక్షం రాలేదు. "వచ్చినా ఆ క్లోరిన్ ఉండనిస్తుందా?" అన్నారు.

సరే, బకెట్ తెచ్చి ముంచి చూశాను. ఒప్పుకుంటున్నాను. ఫెబా చీర తెల్లగా దిగింది, తెల్లగానే లేచింది. ఆ నారింజ అంచు ఈ కథకు నేను కుట్టింది.